తెచ్చిపెట్టుకొన్న రోగము

"తెచ్చిపెట్టుకొన్న రోగము" అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. అందు జాలికంటె తీర్పే హెచ్చు. దైవికముగా వచ్చిన జబ్బునకు కన్నీరు కార్చు బంధువులే, అది రోగి చేష్టవలన వచ్చినదని తెలిసినంతనే గొంతు మార్చుదురు. ఈ భేదము ధర్మసమ్మతమగునా యని విచారింపబూనితిమి.

కండలు పెంచుటకై యువకులు సేవించు అనబాలిక్ స్టెరాయిడ్లను ఉదాహరణముగా గైకొందము. ఇవి పురుషుల హార్మోనగు టెస్టోస్టెరానును పోలి కృత్రిమముగా చేయబడినవి. నోట మ్రింగినను కాలేయము వెంటనే విఱిచివేయకుండునట్లు రసాయనజ్ఞులు వీనిలో కొన్నింటి నిర్మాణమును మార్చిరి. ఆ మార్పే కాలేయమునకు చేటైనది. దీర్ఘకాలము సేవించినవారిలో కొందఱికి కాలేయమున అడినోమాలను కంతులును, అరుదుగా క్యాన్సరును పుట్టినవి. 1970 దశాబ్దారంభముననే వైద్యులీ సంబంధమును ప్రకటించిరి. నాటి రోగులు వ్యాయామవీరులు కారు. మూలుగలో రక్తము పుట్టక క్షీణించుచు, ప్రాణరక్షణకై వైద్యుల యాజ్ఞచేతనే యా మందు పుచ్చుకొన్నవారు.

ఒకరు బ్రతుకుటకు మ్రింగిరి. మఱియొకరు అద్దములో ఘనముగా కనబడుటకు మ్రింగిరి. కాలేయమునకీ భేదము తెలియదు. వైద్యునికి తెలియవలెనా? తెలియవలెననియే మా యభిప్రాయము. కాని నిందించుటకు కాదు.

అడినోమా స్వతః క్యాన్సరు కాదు. అయిదు సెంటీమీటర్లు మించినచో పగిలి కడుపులో రక్తము పాఱునను భయమును, క్యాన్సరుగా మాఱునను భయమును హెచ్చును. పురుషులలో ఈ రెండవ భయ మధికమగుటచే, చిన్నదైనను కోసి తీసివేయుటయే మేలని నేటి వైద్యుల సామాన్యమార్గము. అయితే స్టెరాయిడ్లవలన పుట్టిన కంతులు కొన్ని, మందు మానినంత కుంచించుకొనిపోయినవి. కొన్ని పోలేదు. కంతులు పలుచోట్ల నున్నప్పుడు కోత కష్టసాధ్యము. కావున కొందఱి విషయమున, ఎం.ఆర్.ఐ. పరీక్షతో కొన్ని మాసములకొకసారి చూచుకొనుచు వేచియుండుటయు నొక మార్గమగుచున్నది.

ఈ వేచియుండుట దేనిపై నిలిచియున్నదో పాఠకులు గమనింపుడు. రోగి తాను మ్రింగినదానిని దాచక చెప్పుటపైనను, మానెదనన్న మాట నిలుపుకొనుటపైనను గదా! దాచినవానికి తప్పింపదగిన కోత తప్పకపోవచ్చును. మానితినని బొంకి చాటున సేవించువాడు, నిరీక్షణ మను పేర ముప్పును పెంచుకొనును. మానుటయు సులభము కాదు. బయటి హార్మోనునకు అలవడిన దేహము తనది తాను చేసికొనుట మఱచును. మానిన పిదప మాసముల తరబడి నీరసము, దిగులు, కండలు కరగుట సంభవించును. అట్టి దినములలో ఇంటివారు దెప్పుచుండిన, వాడు మరల మాత్రలనే యాశ్రయించునని వేఱుగ చెప్పవలెనా?

నింద మానినచో దురభ్యాసమునకు అలుసిచ్చినట్లు కాదా యని కొంద ఱడుగవచ్చును. నింద యవసరమే, వ్యాయామశాలలో ఆ పొట్లములను చేతికిచ్చిన గురువునకు ముందుగా చెందవలెను. పెండ్లిపందిళ్లలో ఆ యువకుని భుజములను చూచి మెచ్చుకొన్నవారమును మనమే. మన వాటా మనకును గలదు.

కోతయా, నిరీక్షణయా యని తేల్చుకొనవలసినవాడు రోగియే. కాలేయము వానిది, కోత వలన కలుగు శ్రమయు, మాట తప్పిన కలుగు ప్రమాదమును వానివే. వైద్యుడు రెండు మార్గముల మంచిచెడ్డలను విప్పి చెప్పవలెను. పెద్దలు తోడుండవలెను. కాని మన పెద్దలు తోడుండుటతో తృప్తిపడరు. "మా వానికి ఏ దురభ్యాసమును లేదండీ" యని, ప్రశ్న ముగియకమునుపే తండ్రి సమాధానము చెప్పును. కుమారుడు తల వంచుకొనును.

మా మిత్రుడైన వైద్యు డొకడు ఇట్టి తరుణమున తండ్రిని కొంతసేపు వెలుపల కూర్చుండుమని వేడునట. కొందఱు తండ్రులు కోపించి కుమారుని వెంటబెట్టుకొని వెడలిపోయిరట. కూర్చుండినవారి కుమారులు మాత్రము, తలుపు మూసిన కొన్ని నిమిషములలోనే, ఏయే మాత్రలను ఎన్ని నెలలు మ్రింగిరో వరుసగా చెప్పుచుందురట.