గురి కూడా ధర్మమే

మేలుకోరి చేసిన పనివల్ల కీడు కలిగితే తప్పెవరిది? ఆత్మరక్షణకైనా అవసరానికి మించిన బలం వాడరాదని 13వ శతాబ్దిలోనే పునీత అక్వినా తోమాసుగారు బోధించారు.

క్యాన్సరు మందుకూ ఇదే ధర్మం. మేటాన్సిన్ అనే మందును 1970లలో రోగులపై పరీక్షించి, దాని విషప్రభావానికి వెరచి విడిచిపెట్టారు. తర్వాత శాస్త్రజ్ఞులు దాని రసాయన రూపం మార్చి, ఒక రకం రొమ్ము క్యాన్సరు కణాలను గుర్తుపట్టే యాంటీబాడీకి ముడివేశారు. కణంలోకి చేరాకే విషం విడివడుతుంది. అదే 2013లో అమెరికాలో ఆమోదం పొందిన కాడ్‌సైలా. దీనికీ దుష్ఫలితాలు లేకపోలేదు.

ఉద్దేశం మంచిదైతే చాలదు. తగ్గించగల బాధను తగ్గించడమూ మన విధి. ఇంట్లో రోగి మూలిగితే ‘మందన్నాక తప్పదు’ అని నోరు మూయించకండి. డాక్టరుగారికి చెప్పండి.