కాటా తూచలేని విలువ



మా గ్రామమునుండి కొన్ని కుటుంబములు బ్రతుకుతెరువు వెదకుకొని విశాఖపట్నము చేరి, ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీద పనిచేయుచున్నవి. నెలకొకసారి వారిని దర్శించుట నా వాడుక. తెల్లవారకముందే జెట్టీకి చేరిన బోట్లనుండి వంజరము, చందువ, రొయ్యలు దించి, ఐసు వేసి, కాటా పెట్టి వేలము పాడుదురు. ఎంత తూగిన అంత వెల. చేపకు ఆ న్యాయము చాలును. మరి మనుష్యునికి? అతని ఒంటి బరువును బట్టి అతని భక్తినిగాని బుద్ధినిగాని వెలకట్టవచ్చునా? ఈ ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాను. ఈ విషయములో మొదట తప్పిపోయినవాడను నేనే.

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రమల దినములలో ఒక యింటి ఆడపిల్ల పట్టుదలగా ఉపవాసముండుట చూచి, యౌవనస్థుల కూటములో ఆమెను మాదిరిగా చూపించితిని. ఈస్టరు గడచిన కొన్ని వారములకు ఆమె తల్లి నాయొద్దకు వచ్చి, "ఈస్టరెల్లిపోనాది అయ్యగారూ, దీని ఉపాసం మాత్రం అవనేదు" అని కన్నీరు పెట్టుకొనెను. విచారింపగా, పెండ్లిచూపులకు వచ్చినవారు ఆమె లావును గూర్చి ఒక మాట అని పోయిరట. అది మొదలు ఆమె అన్నమునకు భయపడెను. పూటలు మానుట, ఆకలికి తాళలేక చాటున విపరీతముగా తినుట, పిమ్మట కక్కివేయుట, ఇట్లు దినములు గడపుచుండెను. నేను భక్తి యని పొగడినది వ్యాధి. ఆ యింటివారి సెలవు పుచ్చుకొనియే ఈ సంగతి వ్రాయుచున్నాను.

దేహములో జరుగు లెక్కను ముందుగా తెలిసికొందము. ఆహారమువలన వచ్చు శక్తిని కేలరీలలో లెక్కింతురు. ఊపిరి, గుండె కొట్టుకొనుట, ఒంటి వేడిమి, పనిపాటలు ఆ శక్తిని ఖర్చుచేయును. మిగిలినది క్రొవ్వుగా నిలువచేరును. చాలనప్పుడు ఆ నిలువ కరుగును. హార్బర్‌వారికి ఇది చెప్పనక్కరలేదు. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్లకు వేట నిషేధము. వలలు బాగుచేసికొనుట తప్ప బరువుపని అంతగా ఉండదు. పళ్ళెములో అన్నము మాత్రము తగ్గదు, తీపి టీలు పెరుగును. ఒళ్ళు వచ్చుటలో వింత లేదు.

అయితే దేహము డీజిలు ట్యాంకు వంటిది మాత్రమే కాదు. రాబడి తగ్గిన నెలలో ఇల్లాలు ఖర్చు తగ్గించునట్లు, తిండి చాలనప్పుడు దేహము కూడ తన ఖర్చును తగ్గించుకొనును. వంశము, వయస్సు, నిద్ర, దుఃఖము, కొన్ని మందులు సహితము బరువును మార్చును. కాబట్టి లావుగా నున్నవారిని చూడగానే తిండిపోతులని తీర్పు తీర్చుట అబద్ధసాక్ష్యము పలుకుటయే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతోను, సుమారు 15 మంది తగినంత బరువు లేకయు నున్నారు. మన ప్రేమవిందులో ఒకే వరుసలో ఈ ఇరువురును కూర్చుందురు.

ఆకలి మనస్సును ఏమి చేయునో ఒక సంగతి వినుడి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులపై ఒక పరిశోధన చేసెను. వారు మనస్సాక్షి ఒప్పక యుద్ధములో ఆయుధము పట్టనివారు. క్వేకరు, బ్రెదరెను, మెన్నొనైటు సంఘములవారు వారిలో అనేకులు. పాలమూరు ప్రాంతములో మెన్నొనైటు సంఘములను మనమెరుగుదుము గదా! యుద్ధములో కరవుపాలైన జనులను ఎట్లు తేర్చవలెనో తెలియుటకై వారు ఇష్టపూర్వకముగా ఆరు నెలలు అరకడుపుతో నుండిరి. బరువులో సుమారు నాలుగవవంతు తగ్గిరి. ఆరోగ్యవంతులు, నిష్ఠగలవారు అయినను వారికి తిండి ధ్యాస తప్ప వేరొకటి లేకపోయెను. వంటల పుస్తకములు చదువుచు, పళ్ళెములు నాకుచు, చిరాకుపడుచు, స్నేహితులకు దూరమైరి. తిరిగి తిండి దొరకినప్పుడు కొందరు ఎంత తినియు తృప్తి పొందలేకపోయిరి. అనగా ఆకలి పొట్టతో ఆగదు. తలంపులను కూడ చెరపట్టును. అట్టి చెరలో నున్న బిడ్డను "మనస్సు గట్టిచేసికో, ఇంకను ప్రార్థించు" అని మందలించుట, కాలు విరిగినవానిని పరుగెత్తుమనుటయే.

అయితే ఉపవాసము చెడ్డదా? కాదు. ఉపవాసమునకు ముగింపు కలదు, వ్యాధికి లేదు. ఉపవాసము దేవునివైపును పొరుగువానివైపును చూచును. ఆకలిగొనినవానితో రొట్టె పంచుకొనుటయే తనకిష్టమైన ఉపవాసమని యెషయా 58వ అధ్యాయములో ప్రభువు తెలియజేసెను. వ్యాధి అద్దమువైపును కాటావైపును చూచును, జనులనుండి దాగుకొనును. ఏలీయా చావుగోరి బదరీవృక్షము క్రింద పడియున్నప్పుడు దూత అతనిని గద్దించలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి, మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. రోగికి ముందు ఆదరణ, పిమ్మట ప్రయాణము. ఇది దేవుని వరుస.

బరువు తగ్గవలసినవారు మెల్లగా తగ్గవలెను. అన్నము కొంచెము తగ్గించి, పప్పు, ఆకుకూర, చేపల పులుసు పెంచుడి, కొన్ని పూటలు చోడి అంబలి త్రాగుడి, వేపుళ్ళు, తీపి టీలు తగ్గించుడి, నడువుడి. పూటలు మానుట మార్గము కాదు. మీ యింట ఎవరైనను తిండి దాచుచున్నను, తిన్నవెంటనే దొడ్డిలోనికి పోవుచున్నను, నెలసరి నిలిచిపోయినను, కండ్లు తిరిగి పడుచున్నను ఆలస్యము చేయకుడి. మాటిమాటికి కక్కుటవలన రక్తములోని లవణములు తారుమారై గుండెకే అపాయము కలుగవచ్చును. వైద్యుని యొద్దకు కొనిపోవుడి. టెలిమానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోను చేసినయెడల రాత్రింబగళ్లు ఉచితముగా మానసిక వైద్య సలహా దొరకును.

నేను ఆ యౌవనస్థుల కూటములోనే నిలువబడి, తెలియక పొగడితినని ఒప్పుకొని, నా మాటను వెనుకకు తీసికొంటిని. ఆ బిడ్డ చికిత్సలో నున్నది. కొన్ని దినములు అందరితో కూర్చుండి తినును, కొన్ని దినములు తినలేదు. తల్లి ఇప్పుడు కాటా ఎక్కుమనదు, పళ్ళెము పెట్టి ప్రక్కన కూర్చుండును.

యోహాను సువార్త కడపటి అధ్యాయములో రాత్రియంతయు వలలు వేసి అలసిన జాలరులకు ఒడ్డున నిప్పులు రాజబెట్టి, చేపయు రొట్టెయు సిద్ధపరచినవాడు మన ప్రభువు. వలలోని చేపలు నూటయేబదిమూడని అక్కడ లెక్క వ్రాయబడినది. తినవచ్చినవారి బరువు ఎవరును తూచలేదు. మన బల్లలయొద్దను అట్లే యుండునుగాక.