బండి పెరిగితే తగ్గేది ఏమిటి?

అమెరికాలో ఆర్‌వీ అనే ఇంటిబండి కొన్నవాళ్లలో చాలామంది మొదటి బండితో ఆగరు. తొలుత మామూలు వ్యానులోనే పడకా, పొయ్యీ, చిన్న సింకూ అమర్చిన క్లాస్ బి బండి కొంటారు. దాని పొడవు 20 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. కొన్నాళ్లకు డ్రైవరు తల మీదుగా ఇంకో పడక ముందుకు పొడుచుకొచ్చే క్లాస్ సికి మారతారు. ఆ తరవాత బస్సంత క్లాస్ ఎ. అది 45 అడుగుల దాకా ఉండొచ్చు; బండి ఆపి మీట నొక్కితే గోడలు పక్కకు జరిగి హాలు వెడల్పవుతుంది, లోపల బట్టలుతికే యంత్రం కూడా ఉంటుంది. ఈ మార్పును డబ్బు సంగతిగా, ఇంజిన్ల సంగతిగా మాట్లాడుకోవడం మామూలే. కానీ ఆ దేశపు ఆదాయపు పన్ను నిబంధనలే పడక, వంట, మరుగుదొడ్డి మూడూ ఉన్న బండిని ఇల్లుగా లెక్కిస్తాయి. షరతులకు లోబడి, దాని మీద తీసుకున్న అప్పు వడ్డీకి రెండో ఇంటికి ఇచ్చే మినహాయింపే ఇస్తాయి. ఇల్లు అన్నాక, మనిషికి ఎంత ఇల్లు కావాలన్న పాత ప్రశ్న వచ్చి తీరుతుంది. ధర్మశాస్త్రాలూ భిక్షు నియమాలూ దాన్ని ఎంతో కాలంగా అడుగుతూనే ఉన్నాయి. బండి విషయంలో అది మరింత పదునుగా ఎదురవుతుంది, ఎందుకంటే ఇల్లు వదిలి బయటికి పోవడానికే ఈ ఇల్లు కొనుక్కున్నారు.

మన దగ్గర దీనికి సిద్ధంగా ఉండే జవాబు యయాతి కథ. కొడుకు యౌవనాన్ని అరువు తీసుకుని ఏళ్ల తరబడి భోగించి, చివరికి అనుభవించిన కొద్దీ కోరిక పెరుగుతుందే తప్ప తీరదని ఒప్పుకున్న రాజు కథ అది. చిన్న బండి నుంచి పెద్ద బండికి, అక్కడి నుంచి ఇంకా పెద్దదానికి పోయేవాళ్లను చూసి యయాతిని తలుచుకోవడం సహజం. ఆ కథలోని సత్యాన్ని నేను కాదనను. అయితే దానితో ఒక చిక్కుంది. కోరికే దోషమైతే 20 అడుగుల వ్యానూ దోషమే, వీపున మోసుకుపోయే గుడారమూ దోషమే. 20కీ 45కీ మధ్య ఎక్కడ ఆగాలో ఆ కథ చెప్పదు. అంతకంటే పెద్ద లోపం ఇంకోటుంది: ఆ జవాబు మొత్తం కొనేవాడి మనసులోనే తిరుగుతుంది, బండి బయట ఉన్న మనుషులు అందులో ఎక్కడా కనిపించరు. నేను చెప్పదలచినది వాళ్ల గురించే. బయట నలుగురితో పంచుకునే వాటిని ఒక్కొక్కటిగా గోడ లోపలికి తెచ్చుకుంటూ పోవడమే పెద్ద బండిలోని అసలు నష్టం. సుఖం విషయం దాని తరవాతే.

దీనికి నాకు దొరికిన గట్టి ఆధారం బౌద్ధుల వినయ పిటకంలో ఉంది. భిక్షువును సంఘం నుంచి వెలివేసే పారాజికాల తరవాత అంతటి బరువైన తప్పులు సంఘాదిశేషాలు. వాటిలో ఆరో నియమం భిక్షువు తన కోసం కట్టుకునే కుటి గురించి. దాత లేకుండా, సామగ్రి అడిగి తెచ్చుకుని కట్టుకునేటప్పుడు దాని పొడవు బయటి కొలతలో 12 జేనలు, వెడల్పు లోపలి కొలతలో 7 జేనలు మించకూడదు. అది సుగతుని, అంటే బుద్ధుడి, జేన. అదెంత అన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. తక్కువ లెక్క తీసుకుంటే సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఇప్పటి క్యాంపర్ వ్యాను లోపలి వెడల్పు కూడా దాదాపు అంతే. ఇంత కచ్చితమైన కొలత ఎందుకు పెట్టారో పిటకమే చెబుతుంది. ఆళవి అనే చోట భిక్షువులు అదుపు లేకుండా కుటులు కట్టుకుంటూ, మనిషిని పంపండి, ఎడ్లను ఇవ్వండి, గొడ్డలి ఇవ్వండి, గడ్డి ఇవ్వండి అని ఊరివాళ్లను అడిగి అడిగి వేధించారు. చివరికి భిక్షువు కనబడితే జనం దారి మార్చుకుని పోయేవారట. ఆవును చూసి కూడా భిక్షువనుకుని తప్పుకున్నారని రాసి ఉంది. అప్పుడు వచ్చింది ఈ నియమం. దాని వెంటనే ఉన్న ఏడో నియమం ఇంకా ఆలోచింపజేస్తుంది. దాత ముందుకొచ్చి కట్టించే పెద్ద విహారానికి కొలతే పెట్టలేదు. కానీ చిన్నదైనా పెద్దదైనా స్థలాన్ని ముందు తోటి భిక్షువులకు చూపించి ఒప్పించాలి, అక్కడ ప్రాణులకు హాని ఉండకూడదు, కాడి కట్టిన ఎడ్లబండి చుట్టూ తిరిగి రాగలిగేంత చోటు మిగలాలి. అంటే బుద్ధుడి దృష్టిలో దోషం చదరపు అడుగుల్లో లేదు. నా గది నా చుట్టూ ఉన్నవాళ్లకు ఏం చేస్తోంది అన్నదే కొలబద్ద.

విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో తొట్లకొండ ఎక్కి అక్కడి బౌద్ధ విహార శిథిలాలు చూసినవాళ్లకు ఇది కళ్ల ముందే కనిపిస్తుంది. భిక్షువుల గదులు వరసగా, ఇరుగ్గా ఉంటాయి. స్తంభాల మండపమూ భోజనశాలా మాత్రం విశాలంగా ఉంటాయి. అందరికీ కలిపి ఒక భోజనశాల ఉంది కాబట్టే గది అంత చిన్నది కాగలిగింది. గది చిన్నది కాబట్టే మనిషి రోజూ మండపంలోకి వచ్చి తీరాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి.

అమెరికాలోని ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే ఉంటాయి. ఒక్కో బండికి ఒక చెక్క బల్ల, ఒక నెగడు గుంట. నీళ్ల కొళాయి, మరుగుదొడ్లు అందరివీ. వ్యానులో వచ్చినవాడు పొద్దున్నే కొళాయి దగ్గర నిలబడతాడు, వాన వస్తే పక్కవాళ్ల పందిరి కిందికి దూరతాడు, దారి ఎక్కడ తెగిందో ఎవరినో అడుగుతాడు. ఆ పరిచయాలు అతని మంచితనం వల్ల వచ్చినవి కావు. బండిలో చోటు లేకపోవడం వల్ల వచ్చినవి. బండి పెరిగిన కొద్దీ స్నానం లోపలికి వస్తుంది, తరవాత వంట, తరవాత చలిమంట బదులు గోడకు తగిలించిన టీవీ. ఏసీ నడవాలంటే జనరేటరు కావాలి. దాని మోత పక్క గుడారంలోని పిల్లల నిద్ర మీద పడుతుంది, అందుకే చాలా పార్కులు జనరేటరుకు వేళలు పెట్టాయి. గాలన్‌కు 16 మైళ్లు ఇచ్చే వ్యాను 10,000 మైళ్లకు 625 గాలన్లు తాగితే, 8 మైళ్లే ఇచ్చే పెద్ద బండి 1,250 గాలన్లు తాగుతుంది. ఆ పొగ పీల్చేది కొన్నవాడు ఒక్కడే కాదు. ఇక దారుల సంగతి. మోంటానాలోని గ్లేసియర్ జాతీయ పార్కులో గోయింగ్ టు ది సన్ అనే కొండదారి మధ్య భాగంలోకి 21 అడుగుల పొడవు గానీ 8 అడుగుల వెడల్పు గానీ దాటిన బండిని రానివ్వరు. పెద్ద బండివాళ్లు అందుకే వెనక ఒక చిన్న కారు కట్టుకుని తిరుగుతారు: ఎక్కడికి పోవాలని ఇంత బండి కొన్నారో అక్కడికి అది పోలేదు కాబట్టి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ప్రయాణ సాధనం ప్రయాణాన్ని ఆపేంతగా పెరిగిందంటే, అది ఎందుకు పెరిగిందో యజమాని తనను తాను అడగాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పెద్ద బండ్లవాళ్లు ఒంటరివాళ్లని ఎవరన్నారు? 1963లో సూర్యగ్రహణం చూడటానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో 26 ఇంటిబండ్లు చేరాయి, ఆ కలయిక నుంచే ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్ పుట్టింది. ఆ బండ్లలో బస్సుల్ని మార్చి చేసుకున్నవీ ఉన్నాయి. అంటే పెద్ద బండ్లవాళ్లే సంఘం కట్టారు, మైదానాల్లో కలిసి వండుకున్నారు. నిజమే, ఒప్పుకుంటాను; పెద్ద బండి మనిషిని తప్పనిసరిగా ముడుచుకుపోయేలా చేయదు. కానీ ఆ కలయికకు తేదీ కావాలి, సభ్యత్వం కావాలి, పిలుపు కావాలి. పైగా అక్కడ కలిసేది తనలాంటి బండి ఉన్నవాణ్నే. కొళాయి దగ్గర ఎవరు తగులుతారో ఎవరూ నిర్ణయించరు. గుడారంలో పడుకున్న విద్యార్థి కావచ్చు, రాత్రంతా లారీ తోలినవాడు కావచ్చు. అవసరం కలిపిన పొరుగుకూ ఏరుకున్న పొరుగుకూ ఉన్న ఈ తేడా ధర్మం దృష్టిలో చిన్నది కాదు. అతిథి ధర్మమంతా పిలవకుండా వచ్చినవాడి చుట్టూ అల్లుకున్నదే.

వయసు, అనారోగ్యం, పిల్లలు అన్న కారణాలకు నా దగ్గర ఎదురువాదం లేదు. మోకాళ్లు అరిగిన మనిషి అర్ధరాత్రి చీకట్లో మరుగుదొడ్డికి వంద గజాలు నడవలేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎల్లోస్టోన్ చూపించడానికి తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు అద్దెకు పెద్ద ఆర్‌వీనే వెతుక్కుంటాయి. పెద్దవాళ్లకు నడుం వాల్చే చోటు, పథ్యం వండే పొయ్యి కావాలి. ఆ పెరిగిన అడుగులు ఇంకొకరి కోసం పెరిగినవి. వాటి వల్ల బయటి ప్రపంచం మూతపడలేదు, రాలేనివాళ్లు రాగలిగారు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 2017లో జెస్సికా బ్రూడర్ రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకంలోని మనుషులు ఇంటి అద్దె కట్టలేక వ్యాన్లలోకి మారిన వృద్ధులు. గిడ్డంగుల్లో, క్యాంప్‌గ్రౌండ్లలో కూలి చేస్తూ తిరుగుతారు. వాళ్ల దగ్గరికి పోయి చిన్న బండి గొప్పదనం బోధించడం క్రూరత్వం. విధిలేక వచ్చిన ఇరుకులో తపస్సు లేదు, పెద్ద బండి దొరికితే వాళ్లు మారాలి, మారితే సంతోషించాలి. నా వాదన ఎంచుకునే స్తోమత ఉన్నవాళ్లకే. అలాగే 2,000 చదరపు అడుగులు దాటిన ఇల్లు అమ్మేసి 40 అడుగుల బండిలోకి మారిన దంపతులు వదులుకున్నవాళ్లే. అదే బండిని ఇల్లూ ఉంచుకుని, ఉన్న వ్యానును ఇచ్చేసి కొన్నవాళ్ల లెక్క వేరు. బండి ఒకటే అయినా అది ఏ వైపు నుంచి వచ్చిందో చూడకుండా తీర్పు చెప్పలేం.

చివరగా జనకుడు. మిథిలను ఏలుతూ, అంతఃపురంలో ఉంటూనే ఆయన జ్ఞాని అయ్యాడు కదా, మనసు అంటకపోతే చాలు కదా అంటారు. వేదాంతం చదివినవాళ్లు ఈ మాట నిజాయితీగానే అంటారు. దీనికి జవాబు 18వ శతాబ్దపు క్వేకరు జాన్ వుల్‌మన్ జీవితంలో ఉంది. న్యూజెర్సీలో దర్జీ పనితో పాటు దుకాణం నడిపిన మనిషి. వ్యాపారం పెరుగుతున్న కొద్దీ అది తన మీద బరువవుతోందని గ్రహించి, కొనేవాళ్లను వేరే దుకాణాలకు పంపించి తాను దర్జీ పనికే పరిమితమయ్యాడు. బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగాడు. 1772లో ఇంగ్లండుకు ఓడ ఎక్కేటప్పుడు నగిషీలు చెక్కిన క్యాబిన్ వద్దని కింద నావికుల మధ్య పడుకున్నాడు. అక్కడ పడుకోవడం వల్లే వాళ్ల కష్టం ఏమిటో దగ్గరగా చూశాడు. ఇంగ్లండులో గుర్రాలనూ వాటిని తోలే కుర్రాళ్లనూ నలిపేస్తున్నారని స్టేజి కోచ్‌లు ఎక్కకుండా నడిచాడు. వుల్‌మన్ మనసు క్యాబిన్‌లో ఉన్నా నిర్మలంగానే ఉండేదేమో. కానీ నావికుల సంగతి అతనికి తెలిసేది కాదు. అంటని మనసు తనను తాను కాపాడుకోగలదు. గోడ అవతల ఉన్నవాళ్లు ఎలా ఉన్నారో చూడాలంటే గోడ అవతలికి రావలసిందే. జనకుడికి సభ ఉంది, యాజ్ఞవల్క్యుడు వచ్చి నిలదీసే తలుపు తెరిచి ఉంది. ఆ తలుపు సంగతి మరిచి అంతఃపురాన్ని మాత్రమే ఉదాహరణగా తీసుకోకూడదు.

మరి హద్దు ఎక్కడ పెట్టుకోవాలి? జైన గృహస్థులకు చెప్పిన అణువ్రతాల్లో పరిగ్రహ పరిమాణం ఒకటి. ఉపాసకదశాంగ సూత్రంలో ఆనందుడనే ధనికుడు మహావీరుడి ఎదుట తన ఆస్తికి హద్దు చెప్పుకుంటాడు: దూర ప్రయాణాలకు 500 బండ్లు, దగ్గరి మోతకు 500 బండ్లు, ఇంతకు మించి వద్దని. చదవగానే ఇదేం త్యాగమని అనిపిస్తుంది. కానీ ఆ వ్రతం అతన్ని పేదవాణ్ని చేయడానికి పెట్టింది కాదు. ఇక పెరగకుండా ఆపడానికి పెట్టింది, అదీ ఇంకొకరి సాక్షిగా. ఆర్‌వీ కొనేవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుందని నా నమ్మకం. కొత్త బండి మెత్తటి కుర్చీలో కూర్చున్నాక ఎవరూ హద్దు పెట్టుకోలేరు. ఉన్న బండి ఇంకా బాగా నడుస్తున్నప్పుడే ఇంట్లోవాళ్ల ఎదుట నిర్ణయించుకోవాలి: ఇందులో ఎందరు పడుకుంటారు, ఎవరి కోసం ఒక పడక ఖాళీగా ఉంచుతాం, ఏ కొండదారులు వదులుకోం, స్నానం, వంట, చలిమంటల్లో వేటిని ఎప్పటికీ బయటే ఉంచుకుంటాం. పొడవు ఆ జవాబుల నుంచి రావాలి. అలా లెక్క వేసుకున్న ఒక కుటుంబానికి 21 అడుగులు తేలవచ్చు, చక్రాల కుర్చీలో తల్లి ఉన్న ఇంకో కుటుంబానికి 36 తేలవచ్చు. రెండోవాళ్లు మొదటివాళ్ల కంటే ఎక్కువ పోగేసుకున్నారని నేను అనను.