దూరదేశపు సేవకునికి ధైర్యమెక్కడిది?



సువార్త నిమిత్తము పరదేశం వెళ్లిన సేవకుడు "నేను కృంగిపోతున్నాను, ఒక మాట వ్రాయండి" అని స్వదేశ సంఘానికి ఉత్తరం పంపితే, అది అతని విశ్వాసంలో లోపమా? దేవుడు పిలిచినవానికి దేవుడే చాలడా, మనుష్యుల మాటతో పనేమిటి అని కొందరు పెద్దలంటారు. వినడానికి భక్తిగానే ఉంటుంది. గాని లేఖనము అలా చెప్పుటలేదని నా మనవి.

బదరీ వృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాను చూడండి. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు, అతని అవిశ్వాసాన్ని గద్దించలేదు. కాల్చిన అప్పము, నీళ్లు తలదగ్గర పెట్టి తినమన్నాడు. ప్రవక్త తిని మళ్లీ నిద్రపోయాడు. దూత రెండవసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. హోరేబులో వినబడిన మెల్లని స్వరము ఆ తరువాతి సంగతి. ఆకలిగొన్నవానికి అన్నం అవసరమైతే అలసినవానికి ఆదరణ అవసరం కాదా?

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రే దీనికి సాక్ష్యం. శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశానికి వచ్చారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. పదిహేడేళ్లు గడిచినా ఫలం అతి స్వల్పం. 1853లో అమెరికాలోని సొసైటీవారు ఈ మిషనును మూసివేయుదమా అని చర్చించారు. పటములో ఒంటరి నక్షత్రంలా ఉన్నదని దీనికి 'లోన్ స్టార్' అనే పేరు వచ్చింది అప్పుడే. 1862లో మరలా అదే మాట వచ్చినప్పుడు, ఎవరు రాకపోయినా నేను వెళ్లి అక్కడే చనిపోతానని జూయెట్ దొరగారు పట్టుబట్టారు. ఆ పట్టుదల ఫలితమే 1865లో క్లౌ దొరగారి రాక.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. దానికి 24 సంవత్సరాల ముందు, 1854 జనవరి 1 వేకువన, ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు అయిదుగురే అన్న సంగతి అంతగా చెప్పుకోము. జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. డే దొరగారైతే ఆ 2,222 మందిని చూడకుండానే 1871లో కన్నుమూశారు. ఆయన సేవ వ్యర్థమని అనగలమా?

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పక తప్పదు. కుంఠా నాకాలో మనము లెక్కమీద బ్రతికేవాళ్లము. సాంచె నడిపేవానికి నేసిన బట్టను బట్టి కూలి. మన ఆడవాళ్లకు వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. వారం చివర షేఠ్ చేసే లెక్కే మనకు తెలుసు, ఆ లెక్కనే సంఘంలోకి కూడా తెచ్చుకొన్నాము. మిషనరీ నివేదిక రాగానే మొదటి ప్రశ్న, ఎన్ని బాప్తిస్మాలు? సంఖ్య చిన్నదైతే కానుక కూడా చిన్నదౌతుంది. గాని పడుగు తోడేవాని చేతిలో చద్దరు కనబడదు గదా! వాడు తోడిన పడుగు మీదనే ఇంకొకరు నేస్తారు. ఇది నేతపని ఎరిగిన మనకు వేరొకరు చెప్పాలా?

క్లౌ దొరగారు కూడా ఈ లెక్కకు లొంగలేదు. 1876-78 నాటి ఘోర కరువులో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో దాదాపు మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. ఆ పనిలో వేలమంది సువార్త విన్నారు. అయినా కరువు సహాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కొరకు వచ్చారన్న మాట రాకూడదని ఆగారు. సంఖ్య చేతికందే దూరంలో ఉన్నప్పుడు ఆగడానికి ఎంత విశ్వాసం కావాలో ఆలోచించండి.

పరదేశ సేవ దొరలదే అనుకోవద్దు. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా నేటాలు చెరకు తోటలకు మనవాళ్లు గిరిమిటు కూలీలుగా వెళ్లారు. వారిలో బాప్తిస్టు విశ్వాసులున్నారు. కాపరి కావాలని వారు కోరితే, మన తెలుగు సంఘాలవారి హోమ్ మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటలో పని ఆరంభించి, 1915లో ఆ దేశంలోనే ప్రభువునందు నిద్రించారు. ఆయనను పంపినది ధనికులైన సంఘాలు కావు. కరువులు చూసిన పల్లెల సంఘాలు. మనలాగే కడుపు చేతపట్టుకొని ఊరు విడిచినవారి కొరకు ఆయన వెళ్లారు. ఆ మాట తలచినప్పుడు, మరో భాష మాట్లాడే ఊరిలో స్థిరపడి, సొంత గుడి కట్టుకొన్న మనకు బాధ్యత లేదనగలమా?

కాబట్టి ఈ నెలలో ఒక ఉత్తరం వ్రాయండి. ఫోను చేయగలిగినా ఉత్తరమే వ్రాయండి, కృంగిన రోజున మళ్లీ తీసి చదువుకోవచ్చు. ఎంతమంది రక్షింపబడ్డారని మాత్రం అడగవద్దు. పొగడ్తలు కూడా వద్దు, పొగడ్త వేరు, ఆదరణ వేరు. పిల్లల చదువు, అమ్మగారి ఆరోగ్యము, అక్కడి తిండి ఒంటికి పడుతున్నదా అని అడగండి. ఏ ప్రార్థనలో వారి పేరెత్తారో వ్రాయండి.

పౌలు బందీగా రోముకు వస్తున్నాడని విని, అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట వరకు ఎదురువచ్చారు. అరవై కిలోమీటర్ల పైమాటే. మనము ఇక్కడనుండి తుల్జాపూర్ దాటి ఇంకా నడిచినంత. అంత గొప్ప అపొస్తలుడు వారిని చూచి దేవునికి స్తోత్రము చెల్లించి ధైర్యము తెచ్చుకొన్నాడు. ఎదురువచ్చినవారి పేర్లు లూకా వ్రాయలేదు.