అన్యాయస్థుడు తీర్చిన న్యాయము



లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలి ఉపమానము మీరెరిగినదే. దైవభీతి గాని, జనులయెడల మర్యాద గాని లేని ఒక న్యాయాధిపతియొద్దకు ఆమె మాటిమాటికి పోయి మొరపెట్టెను. ఆమె పోరు పడలేక అతడు తుదకు న్యాయము తీర్చెను. అతని హృదయము మారెనని అక్కడ వ్రాయబడలేదు. అయినను ఆమెకు దక్కవలసినది దక్కెను. హృదయము మారకుండ చేసిన మేలు మేలేనా? గాలిని, నీటిని కాపాడు క్రొత్త పద్ధతులను కంపెనీలు ఎందుకు చేపట్టును, ఎందుకు మానును అని ఆలోచించునపుడు ఈ ప్రశ్నయే మన యెదుట నిలుచును.

మన రామగుండమునే చూడుడి. నాటి కరీంనగరు, నేటి పెద్దపల్లి జిల్లాలోని ఎన్.టి.పి.సి. బొగ్గు విద్యుత్ కేంద్రపు జలాశయముపై, 100 మెగావాట్ల తేలియాడు సౌర విద్యుత్ కేంద్రము 2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చెను. 423 కోట్ల రూపాయల వ్యయముతో సుమారు 500 ఎకరముల మేర దానిని నీటిపై పరచిరి. ఇందుకు ఎవరి పొలమును పోలేదు. విద్యుత్తును మోయు తీగెలు దగ్గరనే యున్నవి. నీటి చలువవలన పలకలు మెరుగుగా పనిచేయును. వాటి నీడవలన ఏటేట 32 లక్షల 50 వేల ఘనపు మీటర్ల నీరు ఆవిరి గాకుండ నిలుచుననియు, 1,65,000 టన్నుల బొగ్గు మిగులుననియు లెక్క వేసిరి. ఇక్కడ లాభమును మేలును ఒకే కాడి క్రింద నడచినవి. అట్టిచోట కంపెనీకి బోధ అక్కరలేదు.

అవి రెండును రెండు దారులు పట్టినప్పుడేమి జరుగును? బూడిద సంగతి చూడుడి. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుండి 45 పాళ్లు బూడిదయే. దానితో ఇటుకలు, సిమెంటు చేయవచ్చును, రోడ్డుకట్టలు పోయవచ్చును, పాత గనుల గోతులు పూడ్చవచ్చును. ఇవి తెలియక ఎవరును ఆగలేదు. నీటిలో కలిపి గొట్టములగుండ చెరువులోనికి వదలుట చౌక, లారీలలో మోయించుట ఖర్చు. కాని బూడిద చెరువు ఎండి వేసవిగాలి లేచినప్పుడు, ఆరవేసిన బట్టలను మరల ఉతుకు తల్లి ఖర్చు, దగ్గుచు కూర్చున్న తాత ఖర్చు ఏ ఖాతాపుస్తకములో ఎక్కును? బూడిదను వాడవలెనని ప్రభుత్వము 1999లోనే ఉత్తర్వు చేసినది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వులో, వాడక మిగిల్చిన బూడిదకు టన్నుకు 1000 రూపాయలు చెల్లింపవలెనని నిర్ణయించిరి. అనగా ఆ తల్లి పడు నష్టములో కొంతైనను కంపెనీ లెక్కలోనికి వచ్చుటకు దారి యేర్పడెను.

ఇక కంపెనీని వెనుకకు లాగునదేమి? బొగ్గు పొగలోని గంధకపు వాయువును తగ్గింపవలెనని 2015 డిసెంబరులో హద్దులు విధించి, రెండేండ్ల గడువిచ్చిరి. ఆ గడువు మరల మరల జరిగెను. చౌకగా వచ్చు విద్యుత్తును ముందు తీసికొనుట మన దేశపు పద్ధతి గనుక, పొగను శుద్ధిచేయు యంత్రము పెట్టినవాడు వెల పెరిగి వెనుకబడుదునేమో యని భయపడును. తుదకు 2025 జూలైలో, మన బొగ్గులో గంధకము తక్కువయని చెప్పి, ఎక్కువ కేంద్రములకు ఆ యంత్రముల పని లేకుండ చేసిరి. ఆ వాదము సరియైనదో కాదో శాస్త్రజ్ఞులు తేల్చవలెను. కాని ముందుగా యంత్రము పెట్టినవాడు ఖర్చు భరించెను, చేతులు కట్టుకొని కూర్చున్నవాడు తప్పించుకొనెను. రేపు మరియొక ఉత్తర్వు వచ్చినప్పుడు ముందుగా ఎవరు లేచెదరు? ఆలస్యమైనను అడుగువాడు లేడని నేర్చిన పిల్లవాడు వేళకు బడికి పోవునా?

కంపెనీవారికి మనస్సాక్షి లేదా యని మీరడుగవచ్చును. కంపెనీకి లేదు గాని, అందులోని ఇంజనీరుకు, గుమాస్తాకు, కార్మికునికి కలదు. మన సంఘముల బిడ్డలును అట్టి పనులలో నున్నారు. వారిలో ఒకడు మేలైన పద్ధతి చెప్పినప్పుడు, దీని ఖర్చెవరు పెట్టుదురని పైవారు అడుగుదురు. పెట్టకపోయిన ఇంతకంటె ఎక్కువ కట్టవలసివచ్చునని అతడు చెప్పగలిగిననే అతని మాట నిలుచును. కావున నిక్కచ్చియైన చట్టము మనస్సాక్షికి శత్రువు కాదు, దానికి ఊతకర్ర. న్యాయాధిపతి హృదయము సంగతి దేవుడు చూచుకొనును. అది మారువరకు విధవరాలు న్యాయమడుగక ఆగవలెనని ఎవరును చెప్పలేరు.

అయితే మనమేమి చేయవలెను? పెద్ద కర్మాగారములను క్రొత్తగా పెట్టుటకు గాని పెంచుటకు గాని ముందు, 2006 నాటి ఉత్తర్వు ప్రకారము చాలవాటికి ప్రజల అభిప్రాయము వినవలసియున్నది. ఆ సభకు పోవుడి. కోపముతో కాక, లెక్కతో మాటలాడుడి: బూడిద ఎంత, ఎక్కడికి పోవును, గడువెప్పుడు అని అడుగుడి. మన చేతిలోని పనియు మరువవద్దు. గుడి ప్రహరీ కట్టునపుడు మనమును చౌక చూచి, పొలము పైమట్టి తీసి కాల్చిన ఇటుకనే కొనుచున్నామా, లేక బూడిద ఇటుక వెలయు, గట్టితనమును విచారించుచున్నామా? చౌక యొక్కటే చూచునప్పుడు మనమును చిన్న కంపెనీలమే.

ఆ విధవరాలు ఎన్నిమారులు ఆ గడప తొక్కెనో మనకు తెలియదు. మానలేదని మాత్రము తెలియును.