కొత్తగా మెరిసిన జాయింటు

రామన్నపేటలో ఒక బత్తాయి రైతు ఉండేవాడు. ఊరి నుంచి అతని తోటకు పోయే దారి ఎండాకాలమంతా దుమ్ము, వానాకాలమంతా బురద. చెరువు కింది పొలాల మీదుగా పోవాలంటే మామూలు కారు ఒక్క వానకే దిగబడిపోతుంది. ట్రాక్టర్ ఉంది గానీ, భార్యాపిల్లల్ని దాని మీద ఎక్కించుకుని పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోలేడు కదా! అందుకని పాతదైనా సరే, నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి కొనాలని మనసు పడ్డాడు.

నల్లగొండలో ఒక రిటైర్డ్ సారు దగ్గర జిప్సీ ఉందని తెలిసింది. 1985లో మార్కెట్లోకి వచ్చి, 2019లో జనానికి అమ్మకం ఆగిపోయిన బండి అది. ఒళ్ళు తేలిక, పట్టు గట్టి. ముందూ వెనకా కమాన్ పట్టీలు. సారు ఇంజిన్ చూపించాడు, టైర్లు చూపించాడు, ఫైలు తెరిచి బిల్లు కూడా చూపించాడు. "వెనక షాఫ్టుకు క్రాసు జాయింట్లు రెండూ కొత్తవి ఏపిచ్చిన. ఇగ దాని దిక్కు చూసే పనే లేదు" అన్నాడు. రైతు నాలుగు వీధులు తిప్పి చూశాడు. ముల్లు 40 దాటలేదు. బండి కిక్కురుమనలేదు. బేరం కుదిరింది.

కొన్నాళ్ళు ఇల్లూ తోటా మధ్యనే తిరిగింది. ఒకనాడు కాయ ధర కనుక్కుందామని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బయలుదేరాడు. చిట్యాల దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కాలు నొక్కాడు. ముల్లు 70కి రాగానే స్టీరింగ్ చేతుల్లో ఊగడం మొదలుపెట్టింది. 80కి వచ్చేసరికి సీటు కింద గుయ్యిమని అదురు. అద్దంలో వెనక లారీ నంబరు అలుక్కుపోయింది. 60కి దించితే అంతా మామూలే.

తిరిగొచ్చి విషయం చెప్పగానే టీ కొట్టు దగ్గర ప్రతివాడూ వైద్యుడయ్యాడు. ఒకరు టైర్లన్నారు. ఒకరు ఇంజిన్ మౌంటింగులన్నారు. ఇంకొకరు అలైన్‌మెంట్ పోయిందన్నారు. రైతు మేనల్లుడు దుడుకువాడు. "మామా, ఒక్కొక్కటి చేస్కుంట కూసుంటే ఏడాది గడుస్తది. అన్నీ ఒక్కదెబ్బకు చేపిద్దాం" అని బండిని పట్నం తీసుకుపోయాడు. ముందరికి రెండు కొత్త టైర్లు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, మౌంటింగులు, షాకబ్జర్లు, అన్నీ ఒక్క రోజులో అయిపోయాయి. వచ్చేటప్పుడు స్టీరింగ్ ఊగలేదు. సీటు కింది గుయ్ మాత్రం అట్లాగే ఉంది. దేంతో ఏది తగ్గిందో మామకూ తెలియదు, అల్లుడికీ తెలియదు.

వారం తిరగకుండానే వాన పడింది. రైతు రెండు రోజులు బురదలో తోటకు పోయొచ్చాడు. మూడో రోజు రోడ్డెక్కితే స్టీరింగ్ మళ్ళీ ఊగింది. "కొత్త టైర్లు గూడ నకిలీవే అంటగట్టిండ్రు" అని టైర్లవాణ్ణి తిట్టుకుంటూ, బండిని వచ్చిన ధరకు అమ్మేద్దామని తీర్మానించుకున్నాడు.

అమ్మే ముందు ఎవరో చెబితే, రైల్వే స్టేషన్ దారిలో షెడ్డు పెట్టుకున్న ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాడు. మేస్త్రి పానా తీయలేదు. బానెట్ ఎత్తమనీ అడగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బీడీ ఆర్పి, "ఎప్పుడు ఊగుతది బిడ్డా?" అన్నాడు.

"స్టీరింగ్ కాడ ఊగుతది కాకా, సీటు కింద అదురుతది..."

"యాడ అని అడగలే నేను. ఎప్పుడు అన్న. ఎంత స్పీడ్ల? ఏ గేర్ల? కాలు నొక్కినప్పుడా, తీసినప్పుడా? బ్రేకు కొట్టినప్పుడా?"

రైతు తెల్లమొహం వేశాడు. ఇంతమంది వైద్యుల్లో ఈ మాట అడిగినవాడు లేడు.

మేస్త్రి మొదట ముందు చక్రం దగ్గర కూర్చుని రిమ్ము లోపలి వైపు చెయ్యి పెట్టాడు. అరచేతి మందాన ఎండిన మట్టి పెళ్ళ తగిలింది. పుల్లతో గీకి కింద పడేశాడు. రెండో చక్రంలోనూ అంతే. "బ్యాలెన్సింగ్ చేసేటోడు గ్రాములు చూసి సీసం అతికిచ్చిండు. నువ్వు పొలంల దింపి పావు కిలో మన్ను అతికిచ్చినవ్. టైరు ఏం జేస్తది?" అన్నాడు. మేనల్లుడి వైపు తిరిగి, "అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు గుంజుతది, టైరు ఒక దిక్కు అరుగుతది. ఊగుడుకు అది మందు కాదు" అని కూడా చెప్పాడు.

తర్వాత ముగ్గురూ చిట్యాల దాటి హైవే ఎక్కారు. స్టీరింగ్ నిలకడగా ఉంది. 80 దగ్గర సీటు కింద గుయ్ మొదలైంది. మేస్త్రి అరచెయ్యి గేరు రాడ్డు పక్కన రేకు మీద ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"స్టీరింగ్ ఊగుడు వేరు, ఈ గుయ్ వేరు. రెండు రోగాలను మీరు ఒక్క రోగమనుకున్నరు. ఈ చక్రం ఒక్కసారి తిరిగితే బండి రెండు మీటర్ల పైచిలుకు పోతది. 80ల చక్రం సెకనుకు పదిసార్లకు పైన తిరుగుతది. అంత నిదానంగ తిరిగేది ఊపుతది, గుయ్యనదు. షాఫ్టు అట్ల కాదు. చక్రం ఒక్కసారి తిరిగేలోపు అది నాలుగుసార్ల దాకా తిరుగుతది. అది వంకరగుంటే ఇట్లనే గుయ్యంటది. అయితే ఇంజిన్ గూడ గుయ్యంటది. అందుకే ముందుగాల ఇంజిన్‌ను అడుగుదాం."

వెనక బండ్లేమీ లేనప్పుడు చూసి, "గేరు తీసి న్యూట్రల్ చెయ్. తాళం మాత్రం ఆపకు, బ్రేకు గట్టిపడ్తది" అన్నాడు. ఇంజిన్ చప్పుడు తగ్గిపోయింది. గుయ్ తగ్గలేదు. "ఇంజిన్ తప్పుకుంది. క్లచ్చు తప్పుకుంది. కొత్త మౌంటింగుల పైసలు దండుగ" అని వేలు మడిచాడు.

బండి పక్కకు ఆపించి, ముందు చక్రాల మధ్యన ఉండే హబ్బులు చూశాడు. రెండూ లాకులో ఉన్నాయి. "గిట్ల పెట్టి రోడ్డు మీద తిరిగితే, లోపల లివర్ రెండు చక్రాలకే ఉన్నా ముందరి షాఫ్టు ఉత్తగనే తిరుగుతది" అంటూ రెండింటినీ ఫ్రీకి తిప్పాడు. ఇక ముందు షాఫ్టు తిరగదు. మళ్ళీ 80కి పోయారు. గుయ్ ఉంది. ఇంకో వేలు మడిచాడు.

షెడ్డుకు వచ్చాక వెనక చక్రాలు ముందుకు, ముందువి వెనక్కి మార్చి మరొకసారి తిప్పించాడు. తప్పు వెనక టైర్లదే అయితే అదురు వాటి వెంట స్టీరింగ్‌లోకి రావాలి. రాలేదు. మూడో వేలూ మడిచాడు.

"మిగిలింది వెనక షాఫ్టు" అన్నాడు.

మేనల్లుడు నవ్వాడు. "ఆ ఒక్కటి తప్ప ఏదైనా అను కాకా! బండి మొత్తంల కొత్తగున్నది అదొక్కటే. బిల్లు గూడ ఉంది."

"బిల్లుందా? ఏ తారీకుది? ఆ సారుకు ఫోన్ చెయ్. ఆ అదురు ఎప్పటి నుంచి మొదలైందో అడుగు."

స్పీకర్‌లో పెట్టి అడిగారు. బేరం అయిపోయింది కాబట్టి సారు దాచుకోలేదు. "నిజం చెప్పాలంటే క్రాసులు ఏపిచ్చిన కొద్ది రోజులకే మొదలైంది నాయినా. ఎన్ని చేపిచ్చినా పోలేదు. బండి ముసలిదైందిలే అని అమ్మేసిన."

మేస్త్రి బండి కిందికి దూరాడు. క్రాసులు పట్టి ఊపాడు. వెంట్రుకంత కూడా ఆట లేదు. నిజంగానే కొత్తవి. కిరసనాయిలు గుడ్డతో షాఫ్టు మీద గట్టిపడ్డ గ్రీజు తుడిచాడు. ఆ షాఫ్టు రెండు ముక్కలు. కమాన్ పట్టీలు పైకీ కిందికీ ఆడేటప్పుడు పొడవు సర్దుకోవడానికి ఒకదాంట్లో ఒకటి పళ్ళ మీద జారుతుంది. రెండు కొసల్లో క్రాసును పట్టుకునే చెవులుంటాయి. ఒక కొస చెవులు నిలువుగా ఉంటే రెండో కొసవీ నిలువుగానే ఉండాలి. ఇక్కడ ఒక కొసవి నిలువుగా ఉన్నాయి, రెండో కొసవి ఏటవాలుగా ఉన్నాయి. తుడిచిన చోట బాణం గుర్తులు రెండు బయటపడ్డాయి. ఒకదానికొకటి ఎదురుగా ఉండాల్సినవి, బెత్తెడు ఎడంగా పక్కచూపులు చూస్తున్నాయి.

"సూడుండ్రి" అని ఇద్దరినీ కిందికి పిలిచాడు. "సామాను మంచిదే. ఏసిన చెయ్యి తొందరది. విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోలే, ఎక్కిచ్చేటప్పుడు గుర్తు చూడలే. పళ్ళు ఏడ పడితే ఆడ దూరుతయి, దూరింది కదా అని బిగిచ్చిండు."

ముందుగా సుద్దముక్కతో ఫ్లేంజి మీద ఒక గీత గీశాడు. ఆ తర్వాతే నట్లు విప్పాడు. షాఫ్టు దించి, ముక్కలు ఊడదీసి, బాణాలు ఎదురెదురుగా వచ్చేట్టు తిప్పి దూర్చాడు. గ్రీజు కొట్టి, గీతకు గీత కలిపి బిగించాడు. సాయంత్రం హైవే మీద ముల్లు 80 దాటింది. అద్దంలో వెనక లారీ నంబరు అంకె అంకెగా కనబడింది.

"సామాను ఏమీ మార్చలేదు కదా కాకా, ఎంతియ్యాలె?" అన్నాడు రైతు.

"మూడు గంటల కూలి ఇయ్యి" అన్నాడు మేస్త్రి. అంతకు ముందు పోసిన డబ్బు తల్చుకుని రైతు మేనల్లుడి వైపు చూశాడు. మేనల్లుడు నేల వైపు చూశాడు.

నీతి: ఎక్కడ అని వెతికే ముందు ఎప్పుడు అని అడిగినవాడికే తప్పు దొరుకుతుంది.

ఈ కథలో అబద్ధం చెప్పినవాడు దాదాపు లేడు. టైర్లవాడు నిజాయతీగానే టైర్లు వేశాడు. సారు చూపించిన బిల్లు అసలుదే. టీ కొట్టు వైద్యులు చెప్పిన టైర్లూ మౌంటింగులూ ఏదో ఒక బండిలో అదురు పుట్టించేవే. లోపం వాళ్ళ ప్రశ్నలో ఉంది. స్టీరింగ్ ఊగితే స్టీరింగ్ దగ్గర, సీటు అదిరితే సీటు కింద చూశారు. యంత్రంలో అదురు పుట్టేది ఒకచోట, బయటపడేది మరోచోట. చోటు మోసం చేస్తుంది, సమయం చేయదు. ఏ వేగంలో వచ్చింది, గేరు తీస్తే పోయిందా, ఏ పని జరిగాక మొదలైంది: ఈ మూడింటికి జవాబు దొరికితే సగం బండి దోషం నుంచి బయటపడినట్టే.

అందులోనూ "ఎప్పటి నుంచి" అన్న ప్రశ్న మనం తరచూ మరిచిపోతాం. కొత్తగా మెరిసేదాన్ని అనుమానించడానికి మనసొప్పదు. తుప్పు పట్టినదాని మీదికే కళ్ళు పోతాయి. కానీ నిన్నటిదాకా బాగున్న బండి ఈరోజు అదిరిందంటే, నిన్నటికీ ఈరోజుకీ మధ్య దాని మీద పడ్డ చెయ్యేదో ముందుగా చూడాలి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న బోల్టు కన్నా నిన్న విప్పి బిగించిన బోల్టు మీదే మొదటి అనుమానం రావాలి.

ఈ క్రాసు జాయింటు సంగతి కొత్తదేమీ కాదు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు మీద ప్రపంచమంతా దీన్ని పిలుస్తుంది. వంపులో తిరిగే జాయింటు ఒక్కటే ఉంటే, తిప్పే కొస ఎంత సమంగా తిరిగినా తిరిగే కొస చుట్టుకు రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. రెండో కొసన ఇంకో జాయింటును అదే వరుసలో పెడితే ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుంది. వరుస తప్పితే ఆ దిద్దుబాటు చెడి, తప్పుకు తప్పు తోడవుతుంది. రెండు మంచి భాగాలు కలిసి ఒక చెడ్డ బండి కావడానికి వాటి వరుస తప్పితే చాలు.

గుర్తు పెట్టనిదే విప్పకూడదన్నది రామన్నపేట మండలంలో మగ్గం తెలిసిన ఇళ్ళకు చెప్పాల్సిన పని లేదు. సిరిపురంలోనో వెల్లంకిలోనో ఇక్కత్ నేసేవాళ్ళు నూలుకు ముడి వేసే ముందే డిజైన్ గుర్తులు పెట్టుకుంటారు. పోగు జరిగితే ఎంత మంచి రంగైనా పువ్వును నిలబెట్టలేదు. సుద్దముక్క ధర రూపాయి. అది వాడనందుకు ఒకాయన బండినే అమ్ముకున్నాడు, ఇంకొకాయన బండికి సగం సామాను మళ్ళీ కొన్నాడు.

మేనల్లుడి పద్ధతిలో ఇంకో ప్రమాదం ఉంది. అన్నీ ఒక్కసారే మార్చినవాడికి బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, తిరగబెడితే ఎందుకు తిరగబెట్టిందో తెలియదు. ఖర్చే మిగులుతుంది, తెలివి మిగలదు. మేస్త్రి ఒక్కో పరీక్షకు ఒక్కో వేలు మడిచాడు, ఒక్కసారికి ఒక్కటే మార్చాడు. చూసేవాళ్ళకు అది నిదానంగా కనబడింది గానీ, పని తొందరగా అయింది అక్కడే.

ఇక పాత బండి కొనబోయేవాళ్ళకు: వీధిలో 40కి తిప్పి చూసి సంబరపడొద్దు. చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువైతే అది లాగే బలం వేగం రెట్టింపైనప్పుడు నాలుగింతలవుతుంది. 40లో అణిగి ఉన్నది 80లో లేచి కూర్చుంటుంది. అందుకని బండిని హైవే ఎక్కించండి. అమ్మేవాణ్ణి "ఇంకా ఏమేం చేయించాలి?" అని కాదు, "చివరిసారి ఏం చేయించారు, ఆ తర్వాత ఏం మారింది?" అని అడగండి. దానికి సరైన జవాబు వచ్చేదాకా పానా పట్టొద్దు, పర్సు తియ్యొద్దు.