ఎవరి బట్టలతో చెల్లింతుము?

చదువవలసిన వాక్యభాగములు: న్యాయాధిపతులు 14:10–19, 15:1–6, యోహాను 19:23–24



పందెము కాయుట పాపమని బైబిలులో ఎక్కడ వ్రాయబడినదని మన యౌవనులు కొందరు మమ్మును అడుగుచున్నారు. ఆ మాటలతో ఆజ్ఞ ఏదియు లేదు. అయితే పందెము కాసిన ఒకని చరిత్ర అందులో ఉన్నది. చదివి చూచినయెడల ఆజ్ఞకంటె ఆ చరిత్రయే మనకు ఎక్కువ బోధించును.

సమ్సోను తన పెండ్లి విందులో ముప్పదిమంది చెలికాండ్రకు ఒక విప్పుడు కథ వేసెను. ఏడు దినములలో వారు విప్పినయెడల అతడు ముప్పది నారబట్టలును ముప్పది జతల దుస్తులును ఇయ్యవలెను. విప్పలేనియెడల వారు అతనికి ఇయ్యవలెను. వేడుకగా మొదలైన మాట అది. వారికి అర్థము తెలియలేదు. అప్పుడు వారు పెండ్లికూతురి యొద్దకు వెళ్లి, ఆమెను ఆమె తండ్రి యింటిని అగ్నితో కాల్చెదమని బెదరించిరి. విందు జరుగు దినములన్నియు ఆ చిన్నది ఏడ్చుచునే యుండెను. కడకు సమ్సోను ఓడెను. ఇచ్చుటకు అతనియొద్ద బట్టలు లేవు. అతడు అష్కెలోనునకు పోయి ముప్పదిమందిని చంపి, వారి దుస్తులు ఒలిచి తెచ్చి పందెము చెల్లించెను. తరువాతి అధ్యాయములో పగ పెరిగి, కోతకు వచ్చిన గోధుమ చేలు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు కాలిపోయెను. తుదకు ఆ పెండ్లికూతురును ఆమె తండ్రియు నిజముగానే అగ్నిపాలైరి.

ప్రియులారా, లెక్క చూడుడి. పందెము పలికినవాడు సమ్సోను. కన్నీరు కార్చినది పెండ్లికూతురు. ప్రాణము పోయినది ఆ విందు సంగతియే ఎరుగని ముప్పదిమందికి. కాలిపోయినది రైతుల పంట. కాయువాడు ఒకడు, కట్టువారు వేరొకరు. పందెముయొక్క స్వభావము ఇదియే. దీనిని మనస్సున ఉంచుకొని నేటి సంగతికి వత్తము.

పూర్వము పందెమునకు ఒక చోటు కావలసియుండెను. సంక్రాంతి కోడిపందెమునకు బరి కావలెను. పేకాటకు మామిడితోటయో పాడుబడిన సావిడియో కావలెను. నలుగురు చూచెదరను సిగ్గైనను ఉండెడిది. నేడు బరియు, తోటయు, సావిడియు అన్నియు సెల్‌ఫోనులోనే చేరినవి. ప్రక్క మంచముమీద తల్లి నిద్రించుచుండగా కుమారుడు దుప్పటి క్రింద పందెము కాయుచున్నాడు.

ఆ పందెములలో ఒకదానిని మీకు వివరించెదము. అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలలో ఎవరు గెలుతురని కాక, "రెండు జట్లును గోలు కొట్టునా, కొట్టవా?" అని అడుగుదురు. "అవును" అనియైనను "కాదు" అనియైనను డబ్బు పెట్టవలెను. ఆట తెలియనక్కరలేదు, ఆటగాండ్ర పేర్లు తెలియనక్కరలేదు, ఆ దేశము పటములో ఎక్కడ ఉన్నదో తెలియనక్కరలేదు. చిన్న బిడ్డయైనను అవును, కాదు అనగలడు గదా! అందుచేతనే ఇది సులువుగా కనబడుచున్నది. గాలములోని ఎర చేపకు సులువుగానే కనబడును.

2022 డిసెంబరు 18న కతార్ దేశములో జరిగిన ప్రపంచ కప్పు అంతిమ పోటీని తీసికొనుడి. అర్జెంటీనా రెండు గోల్లు కొట్టెను. 79 నిమిషములు గడచినను ఫ్రాన్సు ఒక్కటియు కొట్టలేదు. "కాదు" అని కాసినవాడు తాను గెలిచితినని తలంచి యుండును. 80వ నిమిషమున ఒకటి, 81వ నిమిషమున మరియొకటి ఎంబాపే కొట్టెను. ఒక్క నిమిషములో అంతయు తారుమారాయెను. అదే 2010 అంతిమ పోటీలో స్పెయిను, నెదర్లాండ్సు జట్లు 90 నిమిషములలో ఒక్క గోలునైనను కొట్టలేదు. అదనపు సమయములో స్పెయిను కొట్టిన ఒక్క గోలుతో ఆట ముగిసెను. ఒకనాడు "అవును", ఒకనాడు "కాదు". ఏ పండితుడు దీనిని ముందుగా చెప్పగలడు?

అయితే పందెము నడుపు కంపెనీకి ఈ చింత లేదు. ఒక ఉదాహరణ చెప్పెదము. రెండు వైపులను సరిసమానముగా ఎంచి, గెలిచినవానికి 100 రూపాయలకు 185 రూపాయలు ఇచ్చెదమని కంపెనీ చెప్పినదనుకొనుడి. ఒకడు "అవును" అని 100, మరియొకడు "కాదు" అని 100 పెట్టిరి. కంపెనీ చేతికి వచ్చినది 200, గెలిచినవానికి పోయినది 185, మిగిలినది 15. ఏ జట్టు గోలు కొట్టినను, కొట్టకున్నను ఆ 15 రూపాయలు కంపెనీవే. ఈ లెక్కనే ఒకడు 1000 రూపాయలతో మొదలుపెట్టి, వచ్చినదంతయు మరల మరల కాసినయెడల, పది పర్యాయములకు సగటున అతనికి మిగులునది సుమారు 459 రూపాయలు మాత్రమే. ఒకడు ఒకనాడు గెలువవచ్చును. పదిమంది పది దినములు ఆడినప్పుడు మిగులునది కంపెనీకే. మన రైతు విత్తనము చల్లి వానకొరకు ఎదురుచూచుట పందెము కాదా అని కొందరందురు. కాదు. విత్తనము నేలలో పడి పదిమందికి అన్నమగును. పందెములో పడిన రూపాయి క్రొత్తగా ఒక్క గింజనైనను పుట్టింపదు. ఒకని జేబునుండి మరియొకని జేబునకు పోవును, దారిలో కంపెనీ కొంత తీసికొనును.

ఈ ఎర మన గ్రామములకు ఎట్లు చేరినది? హైదరాబాదులో జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అను ప్రాంతములు కలవు. మద్రాసునుండి తరలివచ్చిన తెలుగు సినిమా పరిశ్రమ అక్కడ స్థిరపడినది. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబరు అక్కడనే యున్నవి. అక్కడి నటుల ముఖములు మన పూరిపాకల గోడలమీదను, ఆటో వెనుకను, పిల్లవాని పుస్తకపు అట్టమీదను ఉన్నవి. పందెపు కంపెనీలు కొనినది ఆ ముఖములనే. పేరు తెలియని కంపెనీవాడు వచ్చి డబ్బు అడిగినయెడల మన పిల్లలు ఇత్తురా? తాము ప్రేమించు ముఖము నవ్వుచు పిలిచినప్పుడు ఇచ్చెదరు.

2025 మార్చి నెలలో హైదరాబాదులోని పంజగుట్ట, మియాపూర్ పోలీసు ఠాణాలలో, బెట్టింగు యాప్‌లను ప్రచారము చేసిరని సినిమా నటులమీదను, సోషల్ మీడియాలో పేరుపొందినవారిమీదను కేసులు నమోదాయెను. ఆ తరువాత జూలై, ఆగస్టు నెలలలో ప్రకాశ్ రాజ్, విజయ్ దేవరకొండ, రానా, మంచు లక్ష్మి మొదలైనవారిని కేంద్ర ప్రభుత్వపు ఈడీ అధికారులు పిలిచి విచారించిరి. కేసు పెట్టబడుట నేరము రుజువగుట కాదు. తీర్పు న్యాయస్థానములది, మనము ఎవరికిని తీర్పు తీర్చము. ప్రకాశ్ రాజ్ మాత్రము, తాను 2016లో అట్టి ప్రకటన ఒకటి చేసిన మాట నిజమేననియు, అది తగదని తెలిసికొని మరుసటి సంవత్సరము ఒప్పందమును పొడిగింపలేదనియు బహిరంగముగా చెప్పెను. తగదని తోచిన దినముననే చేయి వెనుకకు తీసికొనుట మనకందరికిని నేర్వదగిన సంగతి. చిన్నవారికి అడ్డుబండ వేయువానిని గూర్చి మన ప్రభువు మత్తయి 18వ అధ్యాయములో చెప్పిన మాట తిరుగటిరాయంత బరువైనది. అది నటులకు మాత్రమే చెప్పబడలేదు. ఊరిలో పదిమంది మెచ్చు అన్న ఒకడు ఫోను చూపి, "తమ్ముడూ, నాకు నిన్న రెండువేలు వచ్చినవి" అనినయెడల, అతడును తన ముఖమును అమ్ముకొనినవాడే.

"ఇది జూదము కాదు, నేర్పుతో ఆడు ఆట" అని వారిలో కొందరి పక్షమున చెప్పబడినది. ఈ మాట క్రొత్తది కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారి కేసులో, ఆ ఆటలో నేర్పే ప్రధానమని సుప్రీం కోర్టు 1967లో తీర్పు చెప్పెను. అయితే ఆ తీర్పులోనే, డబ్బు పెట్టి ఆడించి క్లబ్బు నడుపువారు దానివలన లాభము తీయుచున్నయెడల అది నేరము కావచ్చునని కూడ చెప్పబడినది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఫోను ద్వారా డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించుచు చట్టములు సవరించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నేర్పు, అదృష్టము అను భేదము చూడక డబ్బుతో ఆడించు ఆటలన్నిటిని నిషేధించినది. నడుపువారికి 3 సంవత్సరముల వరకు ఖైదు, ప్రకటన చేయువారికి 2 సంవత్సరముల వరకు ఖైదు అందులో విధింపబడినవి. ఆడి నష్టపోయినవానిని మాత్రము అది శిక్షింపదు. ఈ చివరి మాట సంఘపెద్దలు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆటను మేము దూషించుటలేదు. హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచెను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల అంతిమ పోటీలో ఆయన శిక్షణలోని భారత జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించెను. ఆ దినమున రెండు జట్లును గోలు కొట్టినవి! ఆ గోల్లవెనుక ఏండ్ల తరబడి చేసిన కష్టమును ఎరిగి సంతోషించినవారు ఆటను ప్రేమించినవారు. రెండు జట్లలో దేనిని ప్రేమింపక, ఎవరు గెలిచినను నాకేమి, నా డబ్బు నాకు వచ్చిన చాలు అనువాడు ఆటను చూచుచున్నాడా? అతని కన్నులు మైదానముమీద నున్నవి, మనస్సు రూపాయిమీద నున్నది.

అట్టి కన్నులుగల నలుగురిని సువార్త మనకు చూపుచున్నది. సిలువ క్రింద సైనికులు కూర్చుండి, కుట్టులేని అంగీకొరకు చీట్లు వేసికొనిరి. తలకు పైగా లోకరక్షకుని రక్తము కారుచున్నది; వారు తల యెత్తలేదు. అపొస్తలులు కూడ మత్తీయను ఏర్పరచునప్పుడు చీట్లు వేసిరి గదా అందురా? వారు ప్రార్థించి దేవుని చిత్తము తెలిసికొనుటకు వేసిరి; ఎవని వస్తువును తీసికొనుటకు కాదు. పందెపు పాపము చీటిలో లేదు. ప్రక్కవాని నష్టము నా లాభమని కూర్చుండి కనిపెట్టుటలో నున్నది. పొరుగువానిని ప్రేమించుటయు, అతడు ఓడవలెనని కోరుటయు ఒక్క హృదయములో ఇమడవు.

కాబట్టి మన సంఘములు చేయవలసినదేమి?

తల్లులారా, కుమారుడు రాత్రులు నిద్రలేక, మాట తగ్గించి, చిన్న చిన్న అప్పులు అడుగుచు, ఇంటిలోని ఉంగరమో ఇత్తడి బిందెయో కనబడకపోయినయెడల, కోపముతో కాక ప్రేమతో అడుగుడి. స్త్రీల సమాజములో పిడికెడు బియ్యము తీసి దేవుని పనికి కూడబెట్టు చేతులు మీవి. ఆ పిడికెడు విలువ ఎంతో మీకు తెలిసినట్లు మరెవరికిని తెలియదు.

సంఘపెద్దలారా, అప్పులలో చిక్కిన యౌవనుని పేరు ఆరాధనలో చదివి సిగ్గుపరచకుడి, వెలివేయకుడి. అట్లు చేసిన యిండ్లలో కొందరు సిగ్గుచేత ప్రాణమే తీసికొనెదరు. అతనితో కూర్చుండి అప్పుల పట్టిక వ్రాయించుడి. అతడు పోగొట్టినది తిరిగి గెలుచుటకు ఇంకొక్క రూపాయియైనను ఇయ్యకుడి. మోసపోయినయెడల 1930 అను నంబరునకు వెంటనే తెలుపవచ్చును. మనస్సు క్రుంగి ప్రాణముమీద విసుగు పుట్టినవారు 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేసినయెడల ఉచితముగా మాటలాడుదురు. ఇట్టి సహాయము పొందుట విశ్వాసలోపము కాదు.

యౌవనులారా, మీరు ఇంతవరకు కాసిన పందెములు ఎవరు చెల్లించిరో ఈ రాత్రి ఒక కాగితముమీద వ్రాయుడి. తండ్రి మిరపతోట కూలి డబ్బా? చెల్లెలి కళాశాల ఫీజా? భార్య మెడలోని గొలుసా? ఆ పేర్లు చదివినప్పుడు సమ్సోను ఎవరి బట్టలు తెచ్చెనో మీకు తెలియును.

అయితే అంతటితో ఆగకుడి. సమ్సోను తన అప్పు తీర్చుటకు ఇతరుల బట్టలు ఒలిచెను. సిలువమీద వ్రేలాడిన మన ప్రభువు ఇతరుల అప్పు తీర్చుటకు తన బట్టలే ఒలువనిచ్చెను. ఆయన యొద్ద ఓడినవానికి చోటున్నది. ఆస్తి అంతయు పాడుచేసి ఇంటికి వచ్చిన కుమారునికి తండ్రి మొదట తెప్పించినది ప్రశస్తమైన వస్త్రమే గదా! లెక్క అడుగుటకు ముందే బట్ట కప్పెను. మన సంఘములును అట్టి ఇండ్లై, తిరిగి వచ్చువారి కొరకు తలుపు తీసి ఉంచును గాక. ఆమేన్.